తినేవాళ్లు ఎటు పోతే బండి అటు



2020 ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో ఒక విచిత్రమైన సభ జరిగింది. తెలంగాణ మంత్రులు కొందరు వేదికెక్కి, జనం అందరూ చూస్తుండగా చికెన్ ముక్కలు తిన్నారు. కోడి మాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారు ఫోన్లలో తిరుగుతోంది కదా, దాన్ని పోగొట్టడానికి పెట్టిన సభ అది. అప్పటికి తెలంగాణలో ఒక్క కేసు కూడా లేదు. మొదటి కేసు మార్చి 2న బయటపడింది. అంటే రోగం ఇంకా ఊళ్లో అడుగు పెట్టకముందే, దాని పేరు చెప్పి చికెన్ పకోడీ బండికి బేరం పడిపోయింది.

ఈ సంగతితో మొదలుపెట్టడానికి కారణం ఉంది. చిన్న తిండి వ్యాపారాన్ని లాక్‌డౌన్ మూసేసిందని అందరం అంటాం. నిజమే, మూసేసింది. కానీ తాళం తీసినంత మాత్రాన అది తెరుచుకోలేదు. తినేవాడు దూరమైనప్పుడు అది దెబ్బతింది, తినేవాడు మళ్లీ దొరికినప్పుడే లేచింది. మధ్యలో అప్పులు వచ్చాయి, పథకాలు వచ్చాయి, యాప్‌లు వచ్చాయి. అవన్నీ ఎంతోకొంత పని చేశాయి. కానీ ఏ అప్పూ ఒక మనిషిని తీసుకొచ్చి బండి ముందు నిలబెట్టలేదు. టిఫిన్ బండ్లు, మెస్సులు, కర్రీ పాయింట్లు, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే ఆడవాళ్లు, వీళ్లు మళ్లీ ఎలా నిలదొక్కుకున్నారో ఈ కాసేపట్లో మాట్లాడుకుందాం.

ముందు బండి సంగతి.

ఇడ్లీ బండి మీద పొద్దున అయిదున్నరకు ఆవిరి కనిపిస్తుంది. కానీ ఆ వ్యాపారం మొదలయ్యేది ముందు రోజు మధ్యాహ్నం. మినపప్పు నానబెట్టాలి. సాయంత్రం గ్రైండర్‌లో వేయాలి. ఒక పాలు పప్పుకు రెండు పాళ్లు రవ్వ, కడిగి పిండి కలపాలి. రాత్రంతా అది పొంగాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పల్లీలు వేయించి చట్నీ చేయాలి. అంటే రేపు ఎంతమంది తింటారో ఇవాళ మధ్యాహ్నమే నిర్ణయించుకోవాలి. ఆ లెక్క తప్పితే మిగిలిన పిండి మర్నాటికి పులుస్తుంది. దాంట్లో కాస్త మైదా, ఉల్లిపాయ, జీలకర్ర వేసి పునుగులు వేస్తారు. మనం సాయంత్రం లొట్టలేసుకుంటూ తినే పునుగులు చాలాచోట్ల పొద్దుటి లెక్క తప్పడం వల్ల పుట్టినవే. ఇంకో రోజు గడిస్తే పారబోయడం తప్ప మరో దారి లేదు.

ఇలాంటి వ్యాపారానికి, రేపు ఏమవుతుందో ఎవరికీ తెలియని కాలం వచ్చిపడింది. 2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఒక్క రోజే కదా అనుకున్నారు. ఆ రాత్రే తెలంగాణలో లాక్‌డౌన్ ప్రకటించారు, 25 నుంచి దేశమంతా. సోమవారానికని నానబోసిన పప్పు ఎన్ని వేల ఇళ్లలో ఉందో ఊహించుకోండి. మా పేటలో బండి పెట్టుకున్న ఒకావిడను తర్వాతెప్పుడో అడిగాను, "ఆ రోజు పిండి ఏం చేశావక్కా?" అని. "ఏం జేస్తం అన్నా, నానబెట్టినంక రుబ్బుడే గదా. రుబ్బినం. గల్లీల అందరికీ గిన్నెలు గిన్నెలు పంచినం. మూడు దినాలు అందరిండ్లల్ల దోసెలే" అంది. నవ్వుతూనే చెప్పింది. ఆ తర్వాత నెలల గురించి అడిగితే మాత్రం నవ్వలేదు.

మొదటి విడత లాక్‌డౌన్‌లో వీధి బండికి ఏ వెసులుబాటూ లేదు. హోటళ్ల వాళ్లకు పార్సిల్ అని ఒక దారి ఉండేది. తెలంగాణలో అదీ కొన్నాళ్లు మూసుకుపోయింది. ఢిల్లీలో పిజ్జా తెచ్చిచ్చే కుర్రాడికి కరోనా అని తేలడంతో ఏప్రిల్ 20 నుంచి ఇక్కడ యాప్‌ల డెలివరీ కూడా ఆపేశారు. జూన్ 8 నుంచి హోటళ్లు తెరుచుకోవచ్చన్నారు. తెరిచారు కూడా. కానీ పక్కన ఎవరు దగ్గుతారో అన్న భయంతో, బయట ప్లేటు ముట్టుకోవడానికి జనం ముందుకు రాలేదు. తాళం చెవి చేతిలో ఉన్నా వ్యాపారం లేదన్నది అందుకే.

రెండో విడత ఇంకా చిత్రమైనది. 2021 మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పొద్దున ఆరు నుంచి పది దాకా సడలింపు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచే కర్ఫ్యూ, అక్కడ ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా. ఈ గంటలు ఎవరు ఏ లెక్కతో వేశారో గానీ, తిండి వ్యాపారాన్ని నిలువునా రెండుగా చీల్చేశాయి. పొద్దున ఇడ్లీ అమ్మేవాడు బతికాడు. సాయంత్రం మిర్చి బజ్జీ, నూడుల్స్, పానీపూరి అమ్మేవాడు పూర్తిగా కూర్చుండిపోయాడు. ఇద్దరూ ఒకే కూడలిలో, ఒకే చెట్టు కింద నిలబడే వాళ్లు. ఒకరి పెనం వేడెక్కింది, ఒకరిది తుప్పు పట్టింది. తేడా అల్లా గడియారంలో ఉంది. కాస్త చొరవ ఉన్న సాయంత్రం బండ్ల వాళ్లు రాత్రికి రాత్రి పొద్దుటి బండ్లయ్యారు. ఫ్రైడ్ రైస్ అని రాసిన బోర్డు అలాగే ఉంది, దాని కింద ఉప్మా, బోండా. నాకు తెలిసిన ఒకతను ఆ నెల రోజుల్లో దోసె తిప్పడం నేర్చుకుని, ఇప్పుడు రెండు పూటలా బండి పెడుతున్నాడు. అందరూ అలా మారలేరు. నూడుల్స్ కడాయి ఊపే చేయి దోసె పెనం మీద వెంటనే ఆడదు, దానికి వేరే వాటం కావాలి.

చెయ్యి అనగానే వంట మాస్టర్ల సంగతి చెప్పాలి. 2020 మే 1న, లాక్‌డౌన్ మొదలయ్యాక దేశంలో వలస కార్మికులను మోసుకెళ్లిన మొట్టమొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది మన లింగంపల్లి నుంచే. ఝార్ఖండ్‌లోని హతియాకు వెళ్లింది. అందులో ఎక్కువమంది భవన నిర్మాణ కూలీలు. ఆ తర్వాత వెళ్లిన రైళ్లలో, బస్సుల్లో, కాలినడకన వెళ్లిన వాళ్లలో మన హోటళ్ల వంటిళ్లలో పని చేసేవాళ్లు ఎందరో. తందూర్ దగ్గర ఒడిశా కుర్రాడు, ఫాస్ట్ ఫుడ్ బండి మీద నేపాల్ నుంచో బెంగాల్ నుంచో వచ్చిన కుర్రాడు, గిన్నెలు తోమే బిహారీ కుర్రాడు. వాళ్లు వెళ్లిపోయాక, తెరవమన్నా తెరవడానికి మనిషి లేడు. యజమాని మాస్టర్‌కు ఫోన్ చేసి, "తమ్మీ, టికెట్ నేనే తీస్తా, రా" అని బతిమాలిన రోజులవి. అంతకుముందు అడ్వాన్స్ ఇస్తే తీసుకుని పారిపోతాడేమో అని భయపడే యజమాని, ఇప్పుడు రైలు టికెట్ తానే తీసి పంపాడు. చాలా చిన్న హోటళ్లలో భార్యాభర్తలే మాస్టర్లయ్యారు. కూతురు బిల్లు రాసింది. జీతాల ఖర్చు తగ్గి కొన్ని కుటుంబాలు అలా గట్టెక్కాయి. ఆ పిల్ల ఆన్‌లైన్ క్లాసు మాత్రం గల్లా పెట్టె పక్కన, చెవిలో ఇయర్‌ఫోన్‌తో నడిచింది.

ఇక డబ్బు.

బండి నడిపేవాళ్లను అడగండి, పెట్టుబడి అన్న మాట అనరు. రోలింగ్ అంటారు. ఇవాళ అమ్మిన డబ్బుతో రేపటి సరుకు. ఆ చక్రం ఒక్క వారం ఆగితే చేతిలో ఉన్న రోలింగ్ ఇంటి అద్దెకో, బియ్యానికో పోతుంది. ఇక మళ్లీ మొదలుపెట్టడానికి ఎవరో ఒకరు ఇవ్వాలి. ఇచ్చేవాడు ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటాడు, సాయంత్రానికి బైకు మీద వస్తాడు. డైలీ ఫైనాన్స్ లెక్క తెలిసిందే. పది వేలు అప్పు రాసుకుని చేతిలో తొమ్మిది వేలు పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి వెయ్యి రూపాయలే వడ్డీ. కానీ అసలు రోజూ తగ్గుతూ వస్తోంది కదా, ఆ లెక్కన ఏడాదికి చూస్తే వడ్డీ నూటికి డెబ్భై దాటుతుంది. గిరిగిరి అన్నా, మరే పేరు పెట్టినా, ఇదే.

రిజర్వ్ బ్యాంకు 2020 మార్చి 27న బ్యాంకు అప్పుల కిస్తీలకు మూడు నెలల మారటోరియం ఇచ్చింది, తర్వాత ఆగస్టు చివరి దాకా పొడిగించింది. కారు కొన్నవాడికి, ఇల్లు కట్టుకున్నవాడికి ఊపిరి సలిపింది. బైకు మీద వచ్చేవాడికి ఏ సర్క్యులరూ వర్తించదు. అతనికీ పైన ఇంకొకడు ఉంటాడు, పాపం అతనూ వసూలు చేయకపోతే మాట పడతాడు. ఇంతకీ ఆ రోజుల్లో బండ్ల వాళ్లను నిజంగా నిలబెట్టింది ఏమిటని అడిగితే నేను మొదట చెప్పేది మెడలో బంగారం. చెవి కమ్మలు, నల్లపూసల గొలుసు, పిల్ల పెళ్లికని దాచిన రెండు గాజులు. 2020 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు బంగారం మీద బ్యాంకులు ఇచ్చే అప్పును విలువలో 75 శాతం నుంచి 90 శాతం దాకా, 2021 మార్చి చివరి వరకు పెంచింది. పెద్దగా ఎవరూ చెప్పుకోలేదు గానీ, ఆ ఒక్క నిర్ణయం చాలా వీధుల్లో గ్యాస్ స్టవ్‌లు మళ్లీ వెలిగించింది. తాకట్టు పెట్టినవన్నీ వెనక్కి రాలేదు, అది వేరే కథ.

ప్రభుత్వ పథకాల్లో ముఖ్యమైనది పీఎం స్వనిధి. 2020 జూన్ 1న వచ్చింది. మొదటి విడత 10,000 రూపాయలు, హామీ అక్కర్లేదు, ఏడాదిలో తీర్చాలి. సకాలంలో కడితే 7 శాతం వడ్డీ రాయితీ. ఇది తీర్చినవాళ్లకు 20,000, అదీ తీరిస్తే 50,000. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది నవంబరు 25న జగనన్న తోడు మొదలైంది, అది కూడా 10,000 రూపాయలే, వడ్డీ మాత్రం ప్రభుత్వం కట్టేది.

పది వేలతో ఏమొస్తుందని పట్నం మనుషులు పెదవి విరిచారు. ఒక బస్తా రవ్వ, కాస్త మినపప్పు, పల్లీలు, ఒక డబ్బా నూనె, ఒక పెద్ద సిలిండర్. పది వేలు అక్కడికి సరి. కానీ బండికి కావాల్సింది సరిగ్గా అదే, మొదటి వారం రోలింగ్. నెలకు తొమ్మిది వందలకు అటూ ఇటూగా కిస్తీ, రోజుకు ముప్ఫై రూపాయలు, రెండు ప్లేట్ల ఇడ్లీ అంత కూడా కాదు. డైలీ ఫైనాన్స్ రోజుకు వందతో పోల్చి చూడండి. నా దృష్టిలో ఈ పథకం చేసిన అసలు మేలు అప్పు ఇవ్వడం కాదు, బైకు వాడి అప్పును తీర్చి బ్యాంకు అప్పులోకి మారే దారి చూపించడం.

లోపం కూడా చెప్పుకోవాలి. అప్పు వచ్చిన చాలాచోట్ల అప్పటికి తినేవాళ్లు ఇంకా రాలేదు. కాలేజీ గేటు ముందు బండికి పది వేలు ఇచ్చారు, కాలేజీ మూసే ఉంది. ఆ డబ్బు సరుకు కాలేదు, పాత అద్దె బాకీకి పోయింది. ఆ తర్వాత కిస్తీ కట్టలేదని బ్యాంకులో పేరు చెడింది, రెండో విడత రాలేదు. డబ్బు ముందు వచ్చి బేరం తర్వాత వస్తే జరిగేది ఇదే. అప్పు ఒకటే అయినా, బస్టాండు దగ్గర బండి లేచింది, కాలేజీ దగ్గర బండి మునిగింది. మనిషి కష్టపడలేదని కాదు.

అశోక్‌నగర్ చూడండి. హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ చుట్టుపక్కలంతా ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లల లోకం. ఒక గదిలో నలుగురు, కరెంటు కుక్కర్‌లో అన్నం వండుకుని, కర్రీ పాయింట్ నుంచి పప్పు ఒక పొట్లం, కూర ఒక పొట్లం. నెలకింత అని కట్టి మెస్సులో రెండు పూటలా తినేవాళ్లు ఇంకొందరు. 2020 మార్చిలో వీళ్లంతా బ్యాగు సర్దుకుని ఊళ్లకు వెళ్లారు. కోచింగ్ సెంటర్లు ఆన్‌లైన్‌కు మారాయి. లాక్‌డౌన్ ఎత్తేశారు, సినిమా హాళ్లు తెరిచారు, బస్సులు నిండాయి. అశోక్‌నగర్ మెస్సులు మాత్రం నిండలేదు. ఊళ్లో అమ్మ చేతి వంట తింటూ ఫోన్‌లో పాఠం వినే పిల్లాడికి, నోటిఫికేషన్ లేనప్పుడు నగరానికి వచ్చి గది అద్దె కట్టే అవసరం ఏముంది?

2022 మార్చి 9న తెలంగాణ శాసనసభలో 80,039 ఉద్యోగాలు భర్తీ చేస్తామని ప్రకటన వచ్చింది. ఏప్రిల్ 26న గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది, 503 పోస్టులు, రాష్ట్రం ఏర్పడ్డాక అదే మొదటి గ్రూప్-1. ఆ వేసవిలో అశోక్‌నగర్‌లో టు-లెట్ బోర్డులు మాయమయ్యాయి. మూసిన షట్టర్లు లేచాయి, కర్రీ పాయింట్ల ముందు రాత్రి ఎనిమిదింటికి మళ్లీ గుంపులు. అక్కడ మెస్సులకు కరోనా ముగిసింది వ్యాక్సిన్ వచ్చిన రోజున కాదు, నోటిఫికేషన్ వచ్చిన రోజున. ఆ తర్వాత ఆ పరీక్ష ఎన్ని మలుపులు తిరిగిందో మీకు తెలుసు. మెస్సు వాళ్లకు కూడా ప్రతి మలుపూ తెలుసు. పరీక్ష వాయిదా పడిన ప్రతిసారీ ఇంకో రెండు నెలలు భోజనాలు ఉంటాయని ఒక యజమాని నాతో అన్నాడు, వెంటనే నాలుక కరుచుకుని, "పిల్లల ఉసురు పోసుకుంటున్నట్టుంది సార్ ఆ మాట" అన్నాడు.

ఐటీ కారిడార్‌లో కథ ఇంకో రకం. మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ఆఫీసు గేట్ల ముందు మధ్యాహ్నం భోజనాల బండ్లు, సాయంత్రం చాయ్ బండ్లు చెట్టు కింద తాడేసి కట్టి ఉండిపోయాయి. ఇంటి నుంచి పని అన్నది నెలలు కాదు, రెండేళ్లు సాగింది. అక్కడ తినేవాళ్లు పోలేదు, చెదిరిపోయారు. కొందరు ఊళ్లకు, కొందరు శివార్ల అపార్ట్‌మెంట్లకు. ఇది పసిగట్టిన బండి వాళ్లు గేటు మారారు. కంపెనీ గేటు వదిలి అపార్ట్‌మెంట్ గేటు దగ్గరకు వచ్చారు. ఇద్దరూ లాప్‌టాప్‌ల ముందు కూర్చునే ఇంట్లో మధ్యాహ్నం కూర ఎవరు వండుతారు? కర్రీ పాయింట్ ఒకప్పుడు బ్రహ్మచారుల వ్యవహారం. కరోనా తర్వాత అది సంసారుల వ్యవహారం కూడా అయింది. నూనె తగ్గించమన్నారు, మసాలా తగ్గించమన్నారు, ఆకుకూర పప్పు రోజూ ఉండాలన్నారు. బండి వాడు విన్నాడు. వినని వాళ్లు పాత గేటు ముందే కూర్చుని ఆఫీసు తెరిచే రోజు కోసం ఎదురు చూశారు. వాళ్లలో 2022 దాకా ఓపిక పట్టగలిగినవాళ్లు తక్కువ.

డెలివరీ యాప్‌లు ఎక్కితే తినేవాడి ఇంటికే వెళ్లవచ్చు కదా అంటారు. ఎక్కినవాళ్లున్నారు. ప్లేటు ఇడ్లీ మీద యాప్ వాళ్ల కమిషన్, డిస్కౌంటులో వాటా, డబ్బా ఖర్చు అన్నీ పోగా మిగిలేది చూసుకుని దిగిపోయిన వాళ్లూ ఉన్నారు. బిర్యానీకి గిట్టుబాటు అవుతుంది, ఇడ్లీకి కాదు. పైగా ఎవరు తిన్నారో అమ్మేవాడికి తెలియదు. రోజూ ఎదురుగా నిలబడి "అక్కా, ఇంకాస్త అల్లం చట్నీ" అనే మనిషిని బండి గుర్తుపెట్టుకుంటుంది. ఆ మనిషి వారం రాకపోతే ఎందుకు రాలేదో ఆలోచిస్తుంది. యాప్‌లో ఆ సౌకర్యం లేదు.

ఇంతవరకు చెప్పింది పూటకు పాడయ్యే తిండి గురించి. నిలవ ఉండే తిండిది మరో దారి. కోనసీమలో ఆత్రేయపురం పూతరేకులు ఉన్నాయి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట, బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగితే కాగితంలాంటి రేకు. ఆడవాళ్లు ఇళ్లలో తీస్తారు, లెక్కన కూలి. ఒట్టి రేకు తడి తగలకపోతే చాలాకాలం నిలవుంటుంది, అదొక వరం. కానీ 2020 వేసవి పెళ్లిళ్లు చాలావరకు ఆగిపోయాయి. రేకు పాడవలేదు, కొనేవాడే లేడు. అయినా ఈ వ్యాపారం ఇడ్లీ బండి కన్నా ముందే తేరుకోగలిగింది, ఎందుకంటే పెళ్లి వాయిదా పడుతుంది గానీ మానదు. ముహూర్తాలు మొదలవగానే ఆర్డర్లు మొదలయ్యాయి. ఇడ్లీకి అలాంటి బాకీ ఉండదు. నిన్న తినని ఇడ్లీని ఎవరూ ఇవాళ కలిపి తినరు కదా. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఆవకాయ సంగతి కూడా ఇలాంటిదే, కాకపోతే అది ఆగింది విమానం దగ్గర. ఏటా ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ల నుంచి అమెరికాకు, ఆస్ట్రేలియాకు, గల్ఫ్‌కు వెళ్లే పచ్చళ్ల డబ్బాలు 2020లో విమానాలు లేక ఆగిపోయాయి. మామిడికాయ ఆగదు. కాయ కొట్టారు, కలిపారు, జాడీలకు ఎత్తారు. అమ్మడానికి మాత్రం పక్క వీధి వాళ్లు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు. విదేశానికి పంపే పావుకిలో ప్యాకెట్లు పక్కింటికి కిలో డబ్బాలయ్యాయి. ఆ గ్రూపుల్లోంచే కొత్తగా బోలెడంతమంది ఆడవాళ్లు వ్యాపారంలోకి వచ్చారు. కందిపొడి, కరివేపాకు పొడి, సున్నుండలు, అరిసెలు. అప్పటి నిబంధన ప్రకారం ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉంటే వంద రూపాయలతో ఆహార భద్రత సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ అవుతుందని వాళ్లకు తెలిసింది అప్పుడే. కేంద్రం 2020 జూన్ చివర్లో తెచ్చిన చిన్న ఆహారశుద్ధి యూనిట్ల పథకం, పీఎంఎఫ్‌ఎంఈ, ఇలాంటి వాళ్లకు పనికొచ్చింది. యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల దాకా సబ్సిడీ, పొదుపు సంఘం సభ్యురాలికి 40,000 దాకా ప్రారంభ పెట్టుబడి. పొడి కొట్టే మిషన్, సీల్ వేసే మిషన్ కొనుక్కోవడానికి చాలు. రెండో విడత కరోనాలో, ఇంట్లో అందరూ పడకేసిన కుటుంబాలకు రెండు పూటలా చారు, అన్నం, కూర క్యారేజీల్లో పంపింది కూడా ఇలాంటి చిన్న వంటిళ్లే. కొందరు డబ్బు తీసుకున్నారు, కొందరు తీసుకోలేదు.

హలీం గురించి ఒక్క మాట. భౌగోళిక గుర్తింపు 2010లోనే దక్కించుకున్న హైదరాబాద్ హలీం 2020 రంజాన్‌కు భట్టీ ఎక్కలేదు. తయారీదారుల సంఘమే వండకూడదని నిర్ణయించుకుంది. ఏడాది ఆదాయం నెల రోజుల్లో వచ్చే వ్యాపారం అది. 2021 రంజాన్‌లో రాత్రి తొమ్మిదికే కర్ఫ్యూ, హలీం అమ్ముడుపోయేది ఎక్కువగా ఇఫ్తార్ నుంచి అర్ధరాత్రి దాకా. అలా రెండు పండగలు పోయాయి. 2022లో మళ్లీ భట్టీలు లేచాయి, కాకపోతే పెద్ద పేర్లవే ఎక్కువ. వీధి మొగలో ఒక్క భట్టీ పెట్టుకునే చిన్నవాళ్లు రెండేళ్లు పండగ లేకుండా నిలవడం కష్టం.

జనం తిరిగొచ్చారు, ఇక ఫరవాలేదు అనుకునే వేళకు ధరలు వచ్చాయి. ఇది అంతగా ఎవరికీ గుర్తుండదు, కానీ చాలా బండ్లను లాక్‌డౌన్ కన్నా ఇదే ఎక్కువ వేధించింది. 19 కిలోల వాణిజ్య సిలిండర్ ఢిల్లీ ధర 2021 నవంబరు 1న 2,000 రూపాయలు దాటింది, 2022 మే నెలలో 2,350 దాటింది. హైదరాబాద్‌లో అంతకన్నా ఎక్కువే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. మనకు పొద్దుతిరుగుడు నూనె వచ్చేది ఎక్కువగా అక్కడి నుంచే. తెలుగు వంటింట్లో ఆ నూనె వాడకం ఎంతో చెప్పనక్కర్లేదు. ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. పూరీ మూకుడు ముందు నిలబడ్డవాడికి ఉక్రెయిన్ ఎక్కడుందో తెలియదు, కానీ దాని లెక్క ప్రతి పూరీలోనూ ఉంది.

అప్పుడు బండ్ల వాళ్లు ఏం చేశారు? ధర పెంచితే రోజూ వచ్చేవాడు ముఖం చిట్లిస్తాడు. అందుకని ప్లేటుకు నాలుగు ఇడ్లీలు మూడయ్యాయి. గారె మధ్యలో చిల్లు పెద్దదైంది. పల్లీ చట్నీలో పుట్నాల పప్పు పాలు పెరిగింది. సాంబారు పలచబడింది. తినేవాళ్లకు తెలియదనుకోకండి, తెలుసు. అడగలేదు. "పాపం, వాళ్లు మాత్రం ఏం చేస్తారు" అని తినేసి వెళ్లారు. కొన్నాళ్లకు ధరే పెరిగింది, నాలుగో ఇడ్లీ మాత్రం చాలాచోట్ల తిరిగి రాలేదు.

చెల్లింపులు కూడా మారాయి. నోటు ముట్టుకోవాలంటే భయపడిన ఆ రోజుల్లో బండికి క్యూఆర్ అట్ట కట్టారు. ఇప్పుడు డబ్బు పడగానే పెట్టె అరుస్తుంది, దోసె తిప్పేవాడు తల కూడా ఎత్తనక్కర్లేదు. చిల్లర గొడవ పోయింది, మాస్టర్ చేతివాటం పోయింది. స్వనిధి కింద డిజిటల్ లావాదేవీలకు నెలకు వంద రూపాయల దాకా క్యాష్‌బ్యాక్ కూడా ఇచ్చారు. బ్యాంకు ఖాతాలో రోజూ అమ్మకం కనిపిస్తుంది కాబట్టి తర్వాతి అప్పు తేలికైంది. కనిపించడం వల్ల వచ్చే చిక్కూ ఉంది. 2025 జులైలో బెంగళూరులో చిన్న దుకాణాలకు యూపీఐ లెక్కల ఆధారంగా పన్ను నోటీసులు వెళ్లాయి, కొందరు క్యూఆర్ అట్టలు తీసేసి నగదు మాత్రమే అని రాసి పెట్టారు. అక్కడి వార్త మర్నాడు ఉదయానికల్లా మన బండ్ల దగ్గర చర్చ అయింది. మా పేట బండి అక్క అట్ట తీయలేదు. "తీస్తే ఈ పోరగాండ్లు తినేసి, పైసల్లేవక్కా రేపిస్తమంటరన్నా" అంది. ఆవిడ లెక్క ఆవిడది.

ఇప్పుడు ఎవరికైనా పనికొస్తుందని ఒక సమాచారం చెప్పి ముగిస్తాను. స్వనిధి పథకాన్ని 2025 ఆగస్టులో మార్చి, 2030 మార్చి 31 దాకా పొడిగించారు. మొదటి విడత ఇప్పుడు 15,000, రెండోది 25,000, మూడోది ఎప్పటిలాగే 50,000. రెండో విడత తీర్చినవాళ్లకు యూపీఐతో కలిసిన రూపే క్రెడిట్ కార్డు కూడా ఉంది. దీనికి కావాల్సిన మొదటి కాగితం, మీరు ఫలానా చోట అమ్ముకుంటున్నారని మున్సిపాలిటీ ఇచ్చే గుర్తింపు కార్డు లేదా సిఫారసు పత్రం. 2020లో చాలామంది ఆగిపోయింది ఈ ఒక్క కాగితం దగ్గరే. ఇరవై ఏళ్లుగా అదే మూల మీద నిలబడ్డా రాతపూర్వకంగా వాళ్లు లేనట్టే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి ఆ కార్డు ఇవ్వాల్సింది పురపాలక సంఘాలే. పట్టణాల్లో పేదరిక నిర్మూలన సంస్థ అయిన మెప్మా కార్యాలయంలో, హైదరాబాద్‌లో అయితే కార్పొరేషన్ పట్టణ సామాజిక అభివృద్ధి విభాగంలో అడగండి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఆధార్‌తో కలిపిన ఫోన్ నంబరు తీసుకుని వెళ్లండి. డబ్బు మాత్రం సరుకు కొనే రోజుకు దగ్గరలో తీసుకోండి, కాలేజీ గేటు ముందు బండి అయితే సెలవులు అయిపోయాకే.